చిట్టిముత్యాలకు అగ్గి తెగులు: మడిలో స్కోరు 3, పొలంలో మెడవిరుపు. ఎక్కడ తప్పింది?

పైరుపచ్చ | నవంబరు 14, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను ప్లాంట్ పాథాలజీలో ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. సువాసన వరి రకాల్లో అగ్గి తెగులును తట్టుకునేవి ఏవో తేల్చడం నా థీసిస్. మొత్తం 42 నమూనాలు పెట్టాను. మూడు ఊళ్ల నుంచి తెచ్చిన చిట్టిముత్యాలు, సుగంధ సాంబ, సుమతి, కోరాపుట్ కాలాజీరా, బెంగాల్ గోబిందభోగ్, అంబెమొహర్, కాలానమక్, కొన్ని బాస్మతులు ఉన్నాయి.

సెప్టెంబరులో ఎత్తు మడి కట్టి యూనిఫాం బ్లాస్ట్ నర్సరీ (అన్ని రకాలకూ ఒకేలా అగ్గి తెగులు సోకించి పరీక్షించే నారుమడి) పద్ధతిలో విత్తాం. ఒక్కో నమూనా 50 సెం.మీ. వరుస, వరుసల మధ్య 10 సెం.మీ. ఎడం. మధ్యలోనూ, చుట్టూ అంచుల్లోనూ తెగులు త్వరగా సోకే హెచ్‌ఆర్-12 అనే రకం వేశాం. 30వ రోజున 0 నుంచి 9 స్కేలు మీద (0 అంటే తెగులు లేదు, 9 అంటే ఆకు దాదాపు మాడిపోయింది) స్కోరు తీశాను. కరీంనగర్ జిల్లా నుంచి తెచ్చిన చిట్టిముత్యాల నమూనాకు 3 వచ్చింది. చాలా సంతోషపడ్డాను. విత్తనం ఇచ్చిన అక్కకు ఆ రాత్రే ఫోన్ చేసి, "మీ విత్తనం అగ్గి తెగులును తట్టుకుంటుందక్కా" అని చెప్పేశాను.

నిన్న ఆ అక్క పొలానికి వెళ్లాను. దాదాపు మూడో వంతు వెన్నులు మెడ దగ్గర నల్లబడి వాలిపోయాయి. పట్టుకుంటే తాలు గింజలు, గలగలమంటున్నాయి. నా మాట నమ్మి అక్క ఈసారి మందు కొట్టలేదు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది. రాత్రంతా నిద్ర లేదు.

స్కోరు తీయడంలో తప్పు చేశానా? పద్ధతిలోనే ఏదైనా లోపం ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి, దాచకుండా చెప్పండి.

గోదారి చేను | నవంబరు 14, రాత్రి 10:05

అమ్మాయ్, ముందు అది మెడవిరుపేనా, కాండం తొలుచు పురుగా చూశావా? దూరం నుంచి రెండూ తెల్లకంకిలాగే కనిపిస్తాయి. వెన్ను పట్టుకుని పైకి లాగు. పురుగైతే తేలిగ్గా ఊడి వస్తుంది, అడుగు కొరికినట్టు ఉంటుంది. అగ్గి తెగులైతే లాగినప్పుడు మెడ దగ్గర విరుగుతుంది, విరిగిన చోట నల్లగానో ముదురు గోధుమ రంగులోనో పట్టీలాగా ఉంటుంది.

పైరుపచ్చ | నవంబరు 14, రాత్రి 10:20

చూశానండీ. 20 వెన్నులు లాగాను. రెండు మాత్రం ఊడి వచ్చాయి, మిగతావన్నీ మెడ దగ్గరే విరిగాయి. ఆ ముక్కలు తెచ్చి తడి కాగితం మీద పెడితే ఈ ఉదయానికి బూడిద రంగు నూగు కనిపించింది. మైక్రోస్కోపులో చూస్తే బేరిపండు ఆకారంలో, లోపల రెండు అడ్డుగోడలతో సిద్ధబీజాలు (శిలీంధ్రం వ్యాపించడానికి వదిలే కణాలు). అనుమానం లేదు, అగ్గి తెగులే.

పాత మడి | నవంబరు 15, ఉదయం 5:48

తల్లీ, నేను నెల్లూరు వైపు ఒక పరిశోధన కేంద్రంలో ఫీల్డ్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ఈ మడుల్లోనే జీవితం గడిచింది. ముందు ఒక్క సంగతి చెప్పు: నువ్వు స్కోరు తీసిన రోజు హెచ్‌ఆర్-12 ఎంత ఉంది?

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. నీ 42 రకాల సంగతి తర్వాత. హెచ్‌ఆర్-12 ఆకు 85 శాతం మాడిపోయే దాకా స్కోరు పుస్తకం తెరవకూడదు. అది మాడలేదంటే మడిలో తెగులు సరిగా రాలేదన్నమాట. తెగులు రాని మడిలో ప్రతి రకమూ తట్టుకున్నట్టే కనిపిస్తుంది.

పైరుపచ్చ | నవంబరు 15, ఉదయం 7:30

సార్, ఇప్పుడే నోట్‌బుక్ తీసి చూశాను. ఆ రోజు హెచ్‌ఆర్-12 స్కోరు 6. అంటే ఆకు విస్తీర్ణంలో 11 నుంచి 25 శాతమే. ఆ వారం సెమినార్ ఉండటంతో ఆగలేకపోయాను. 6 అని నా చేత్తోనే రాశాను, దాని అర్థం మాత్రం ఆలోచించలేదు.

పాత మడి | నవంబరు 15, ఉదయం 8:15

మంచిది, నిజం రాసుకున్నావు. చాలామంది ఆ అంకె రాయరు.

ఇంకా చెబుతా. అగ్గి తెగులుకు రాత్రి చలి, ఆకు మీద తడి, గాలిలో తేమ కావాలి. సెప్టెంబరులో పగలు ఎండ కాస్తుంది, రాత్రి ఉక్కపోత. మేము మడికి రోజుకు మూడు నాలుగు సార్లు నీళ్లు చిలకరించి, సాయంత్రం పొద్దుగూకే వేళకు పాలిథీన్ పట్టా కప్పి, తెల్లవారాక తీసేవాళ్లం. పట్టా తీసేటప్పుడు లోపలి నుంచి ఆవిరి ముఖానికి కొట్టాలి, ఆకు కొసల మీద నీటి బొట్లు వేలాడుతుండాలి. అలా లేకపోతే ఆ రాత్రి వృథా. యూరియా కూడా మామూలు నారుమడి కంటే ఎక్కువే వేస్తాం. ఆకు లేతగా, ముదురు పచ్చగా ఉంటే తెగులు బాగా పడుతుంది.

తెగులు ఎలా ఎక్కించావు?

పైరుపచ్చ | నవంబరు 15, మధ్యాహ్నం 1:10

శిలీంధ్రాన్ని ఓట్‌మీల్ ఆగర్ (ల్యాబ్‌లో వాడే జెల్లీ లాంటి మేత) మీద పెంచి, మి.లీ.కి లక్ష సిద్ధబీజాలు ఉండేలా నీటిలో కలిపి సాయంత్రం పిచికారీ చేశాం సార్. పట్టా మాత్రం రెండు రాత్రులే కప్పాం.

ఇంకో డౌటు. 3 అని ఇచ్చిన ఆకుల ఫోటోలు మళ్లీ చూస్తే కొన్ని మచ్చలు సాగినట్టు అనిపిస్తున్నాయి. 3కీ 4కీ తేడా పొలంలో నిలబడి ఎలా పట్టుకోవాలి?

పాత మడి | నవంబరు 15, సాయంత్రం 6:02

అసలు గీత అక్కడే ఉంది. 1 అంటే సూది మొనంత గోధుమ చుక్కలు. 2 అంటే గుండ్రంగా, కొంచెం సాగి, 1 నుంచి 2 మి.మీ. మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ స్పష్టమైన గోధుమ అంచు, అదీ ఎక్కువగా కింది ఆకుల మీదే. అవే మచ్చలు పై ఆకుల మీదికి ఎక్కితే 3. మచ్చ 3 మి.మీ. దాటి నూలు కండెలాగా రెండు కొసలా సన్నబడిందా, అది 4. ఆ మచ్చ ఒక్కటున్నా 3 ఇవ్వకూడదు. అప్పటి నుంచి లెక్క విస్తీర్ణం మీద నడుస్తుంది.

ఎండ నడినెత్తికి వచ్చాక స్కోరు తీయకు. ఆకు ముడుచుకుంటుంది, మచ్చ అంచు కనిపించదు. ఉదయం పూట సూర్యుడి వైపు ఆకు ఎత్తి పట్టుకుని చూడు.

గింజవాసన | నవంబరు 15, రాత్రి 9:40

నేను వరి బ్రీడింగ్‌లో పనిచేస్తాను. పెద్దాయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ హెచ్‌ఆర్-12 స్కోరు 9 వచ్చి ఉన్నా, మీరు ఆ అక్కకు ఫోన్ చేసి ఉండాల్సింది కాదు. నిష్ఠూరంగా ఉంటుందని తెలుసు, అయినా చెప్పాలి.

మీరు చూసింది నెల రోజుల నారు ఆకు. రైతు నష్టపోయింది మెడ దగ్గర. ఆకు మీద తట్టుకునే మొక్క మెడ దగ్గర తట్టుకోవాలని లేదు. కొన్ని జన్యువులు మొక్క ముదిరే కొద్దీ పనిచేస్తాయి. జపాన్ వాళ్లు వాడిన పీబీ-1 అనే జన్యువు వెన్నును కాపాడుతుంది, నారు దశలో దాని ప్రభావం పెద్దగా కనిపించదు. దీనికి తిరగబడిన పరిస్థితీ ఉంటుంది. అందుకే వెన్నుకు వేరే స్కేలు ఉంది. మెడ చుట్టూ మచ్చ పూర్తిగా కమ్మి, గట్టి గింజలు 30 శాతం కన్నా ఎక్కువుంటే 7, తక్కువుంటే 9. మీ థీసిస్‌లో ఈ రెండో పట్టిక లేకపోతే సగం పనే అయినట్టు.

సువాసన రకాలకు ఇంకో చిక్కు ఉంది. నాటు రకాల్లో చాలావరకు పొద్దు పొట్టి అయ్యాకే ఈనుతాయి. ముందు వేసినా వెనక వేసినా ఇంచుమించు ఒకే రోజుల్లో వెన్ను బయటికొస్తుంది. అప్పటికి చలి, మంచు మొదలవుతాయి. పొట్టి కాలపు రకం అప్పటికే గింజ పాలు పోసుకుని ఉంటుంది, తెగులు దాన్ని చేరదు. దాన్ని చూసి తట్టుకుందని రాస్తే తప్పు, అది తప్పించుకుంది అంతే. ప్రతి నమూనాకూ సగం వెన్నులు బయటికొచ్చిన రోజు చూసి ట్యాగ్ కట్టి, ఆ సాయంత్రమే విడిగా పిచికారీ చేయండి. 42 నమూనాలకు 42 తేదీలు పడినా సరే.

గొలుసు | నవంబరు 16, ఉదయం 6:35

మేడం, నేను ఆ పొలం అక్క కొడుకును. మీరు లింకు పంపితే చూశాను. అమ్మకు చదివి వినిపించాను, ఆమె చెప్పింది టైపు చేస్తున్నా.

అమ్మ మాట: "బిడ్డా, బాధపడకు. నువ్వు చెప్పకపోయినా నేను మందు కొట్టకపోదును. చిట్టిముత్యాలకు ఎప్పుడూ కొట్టలేదు. మా అత్త కాలం నుంచి మా ఇంట్లో ఉన్న గింజలు ఇవి. పండుగకు పాయసం వండితే వాడకట్టు దాకా వాసన పోయేది. ఇంతకు ముందు అక్కడో గొలుసు (వెన్ను) ఇక్కడో గొలుసు విరిగేది, ఇట్ల ఎన్నడూ కాలే."

నా మాట కూడా ఒకటి ఉంది. ఈసారి పక్క పొలంలో సన్నరకం వాళ్లు వేస్తుంటే చూసి, పొట్ట దశలో నేనే ఇంకో దఫా యూరియా వేశాను. అమ్మ వద్దన్నది. ఇంకోటి, పోయిన ఏడు మా విత్తనం తక్కువపడి, టౌనులో ఒక దుకాణంలో కొన్న చిట్టిముత్యాలు కలిపి వేశాం. మీకిచ్చిన విత్తనం అదే కుప్పలోది.

గింజవాసన | నవంబరు 16, ఉదయం 9:20

తమ్ముడూ, నువ్వు చెప్పిన రెండు మాటలూ చాలా విలువైనవి. పొట్ట దశ యూరియా మెడవిరుపును పెంచుతుందనేది అందరికీ తెలిసిందే. రెండోది ఇంకా ముఖ్యం. చిట్టిముత్యాలు అనే పేరు మీద పొట్టి గింజ, సువాసన ఉన్న రకరకాల విత్తనాలు తిరుగుతున్నాయి. పేరు ఒకటే, లోపల మొక్కలు వేరు. ఆ వరుసకు ఇచ్చిన 3 ఏ మొక్కదో ఇప్పుడు చెప్పలేం.

పొలం కోయకముందు ఒక పని చేయండి. విరగని గొలుసులున్న దుబ్బులు ఉంటాయి కదా, చుట్టూ అంతా విరిగిపోయి మధ్యలో నిలబడ్డవి. గట్టు పక్కనున్నవి వద్దు, వాటికి గాలి, ఎండ ఎక్కువ తగులుతాయి. చేను నడిమధ్య నుంచి ఒక్కో దుబ్బుకు ఒక్కో గొలుసు కోసి విడిగా కవర్లలో పెట్టండి. కలపొద్దు.

మిల్లు రోడ్డు | నవంబరు 16, మధ్యాహ్నం 2:44

నాది బియ్యం వ్యాపారం. నాకు జన్యువులు తెలియవు కానీ, సువాసన బియ్యానికి ఈ పరీక్షలు ఎందుకు అంత అవసరమో మా వైపు నుంచి చెబుతాను. అగ్గి తెగులుకు అందరూ కొట్టే మందు ట్రైసైక్లజోల్. యూరప్ వాళ్లు బియ్యంలో దాని అవశేషం కిలోకు 1 మి.గ్రా. దాకా ఒప్పుకునేవాళ్లు, ఆ పరిమితిని 0.01కి తెచ్చేశారు. వందో వంతు. 2018 నుంచి బాస్మతి కంటైనర్లకు ఇదే పెద్ద టెన్షన్. పంజాబ్‌లో ఏటా సీజన్ ముందు బాస్మతి మీద కొన్ని మందులు వాడొద్దని ప్రభుత్వమే నిషేధం పెడుతోంది, అందులో ఇదీ ఉంటోంది. మందు లేకుండా నిలబడే రకం వస్తే రైతుకూ మాకూ ప్రాణం లేచొస్తుంది.

గింజవాసన | నవంబరు 16, రాత్రి 8:55

బాస్మతిలో ఆ పని కొంత జరిగింది. 1989లో వచ్చిన పూసా బాస్మతి 1 అగ్గి తెగులుకు లొంగిపోయేది. దానిలోకి పై-9 జన్యువును చేర్చి 2016లో పూసా బాస్మతి 1637 ఇచ్చారు. తర్వాత పూసా బాస్మతి 1509, 1121, 1401 రకాల్లోకి పై-2, పై-54 జన్యువులు రెండూ, వాటితోపాటు బాక్టీరియా ఎండాకు తెగులుకు రెండు జన్యువులూ చేర్చి 2021లో 1847, 1885, 1886 విడుదల చేశారు. ఒక్క జన్యువు మీదే ఆధారపడితే శిలీంధ్రం కొత్త తెగలతో దాటిపోతుంది, అందుకే రెండు.

వాసనకు కారణమైన బ్యాడ్-2 జన్యువు 8వ క్రోమోజోము మీద ఉంది. పై-54 11వ దాని మీద, పై-2, పై-9 ఆరో దాని మీద. కాబట్టి తెగులు జన్యువు చేర్చినంత మాత్రాన వాసన పోవాలని లేదు. కానీ అన్నం మెత్తదనాన్ని, ఉడికే వేడిని నడిపే వ్యాక్సీ, ఆల్క్ జన్యువులు కూడా ఆరో క్రోమోజోము మీదే ఉన్నాయి. పై-2 వెంట దాత రకం ముక్క కాస్త ఎక్కువగా వచ్చిందంటే వాసన ఉన్నా అన్నం మారిపోవచ్చు. అందుకే వండి తిని చూడకుండా రకాన్ని ఎంపిక చేయకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

సాగం నుంచి | నవంబరు 17, రాత్రి 10:30

నేను తెలుగువాడినే, పని మీద కశ్మీర్‌లో ఉంటున్నాను. మీ చర్చ చదువుతుంటే ఇక్కడి ముష్క్ బుద్జీ గుర్తొచ్చింది. అనంతనాగ్ జిల్లా సాగం ప్రాంతంలో పండే పొట్టి గింజ సువాసన వరి. చల్లటి కొండ లోయ, ఐదారు వేల అడుగుల ఎత్తు, అగ్గి తెగులుకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు. తెగులు దెబ్బకు, దిగుబడి తక్కువ కావడంతో రైతులు ఒక్కొక్కరే వదిలేశారు, దాదాపు కనుమరుగయ్యే దాకా వెళ్లింది. షేర్-ఎ-కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ నిలబెట్టారు. వాళ్ల శాస్త్రవేత్తలు పై-54, పై-1, పై-టా మూడింటినీ దీనిలోకి తెచ్చే పనీ చేశారు. 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక్కడ వృద్ధులు పెళ్లి విందుల సంగతి చెప్పేటప్పుడు ఈ బియ్యం పేరు తీయకుండా ఉండరు. ఒక పెద్దాయన గింజలు అరచేతిలో రుద్ది నా ముక్కు దగ్గర పెట్టారు. మా నాయనమ్మ అటక మీద దాచిన చిట్టిముత్యాల మూట గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. అక్క ఇంటి గింజలు పోనివ్వకండి.

పైరుపచ్చ | నవంబరు 18, ఉదయం 6:50

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. గైడ్ గారితో నిన్న మాట్లాడాను. హెచ్‌ఆర్-12 అంకె చూపించి, మొత్తం మడి మళ్లీ వేస్తానన్నాను. ఒప్పుకున్నారు. ఈసారి కో-39ని కూడా సోకే రకంగా, టెటెప్‌ను తట్టుకునే రకంగా రెండు చోట్ల పెడుతున్నాను. అక్క విత్తనాన్ని ఒక వరుసగా కాకుండా ఆరు వరుసలుగా వేస్తాను, స్కోరు కూడా మొక్క మొక్కకూ విడిగా తీస్తాను. కరీంనగర్ పొలం నుంచి తీసిన శిలీంధ్రాన్నే పిచికారీకి వాడతాను, పాత ల్యాబ్ కల్చర్‌ను కాదు.

గింజవాసన గారూ, వాసన పరీక్షకు 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఆకు ముక్కలు వేసి మూత పెట్టి, పది నిమిషాల తర్వాత వాసన చూస్తున్నాను. అయిదారు అయ్యేసరికి ముక్కు పనిచేయడం మానేస్తోంది. ఏం చేయాలి?

గింజవాసన | నవంబరు 18, ఉదయం 8:05

ఒక దఫాలో ఐదుకు మించి చూడకండి. మధ్యలో బయటికెళ్లి పది నిమిషాలు గాలి పీల్చుకోండి. ప్రతి దఫాలోనూ పేరు తెలియకుండా ఒక వాసన లేని రకం, ఉదాహరణకు సాంబ మసూరి, పెట్టించండి. ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా వాసన చూసి ఎవరికి వారు రాసుకోవాలి.

గోదారి చేను | నవంబరు 18, రాత్రి 9:15

మధ్యలో నాదొక మాట. రకం దొరికేలోపు అక్కలాంటివాళ్లు ఏం చేయాలి? వచ్చే ఏడు ఆకు మీద నూలు కండె మచ్చ కనపడగానే ఒకసారి, వెన్ను బయటికొచ్చే ముందు ఒకసారి ఐసోప్రోథయోలేన్ లీటరుకు 1.5 మి.లీ. గానీ, కాసుగామైసిన్ 2.5 మి.లీ. గానీ కొట్టుకోమని చెప్పండి. మెడ నల్లబడ్డాక కొడితే డబ్బు దండగ. నాకు ఆ అనుభవం ఉంది. యూరియా మాత్రం అమ్మ చెప్పినట్టే.

పైరుపచ్చ | జనవరి 9, రాత్రి 8:40

సంక్రాంతికి ముందే చెప్పాలని రాస్తున్నాను. నవంబరు 24న విత్తిన రెండో మడి స్కోరు పూర్తయింది. పట్టా 14 రాత్రులు కప్పాం. 30వ రోజుకు హెచ్‌ఆర్-12 స్కోరు 8 దగ్గర ఉంది, సార్ మాట గుర్తొచ్చి ఇంకో ఐదు రోజులు ఆగాను. 35వ రోజు ఉదయం వెళ్లేసరికి అంచు వరుసలు నిప్పు అంటుకున్నట్టు మాడి ఉన్నాయి. 9. టెటెప్ 1 దగ్గరే నిలబడింది. అప్పుడు పుస్తకం తెరిచాను.

మొదటి మడిలో నేను తట్టుకుంటాయని రాసిన వాటిలో సగానికి పైగా ఈసారి 6, 7కి వెళ్లిపోయాయి. ఆ పట్టిక మొత్తం కొట్టేశాను.

అక్క విత్తనం ఆరు వరుసల్లో మొక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఎక్కువ మొక్కలకు 7, 8. కొన్నింటికి మాత్రం 2, 3. నూలు కండె మచ్చ ఒక్కటీ లేదు, భూతద్దంతో మూడుసార్లు చూశాను. ఆ కొన్ని మొక్కల్లో సగానికి పైగా వాటి ఆకులకు వాసన కూడా వచ్చింది. వాటిని కుండీల్లోకి మార్చాను, ఈనాక మెడ మీద పిచికారీ చేస్తాను. అంతవరకు ఎవరికీ ఫోన్ చేసి ఏమీ చెప్పను.

పాత మడి | జనవరి 10, ఉదయం 5:30

ఐదు రోజులు ఆగావు చూడు, నాకు చాలా సంతోషంగా ఉంది తల్లీ. కుండీలకు రాత్రిపూట ఎలుకల బెడద ఉంటుంది, వల కట్టు.

గొలుసు | జనవరి 10, రాత్రి 7:55

మేడం, కోతకు ముందు గింజవాసన గారు చెప్పినట్టే చేను నడిమధ్య నుంచి 31 గొలుసులు కోసి పెట్టాను. అమ్మ వాటిని చూసి, గింజ కొసకు ముల్లున్న 12 గొలుసులు వేరు చేసింది. అత్త ఇచ్చిన గింజకు ముల్లు ఉండేదట, దుకాణం గింజకు ఉండదట. ఆ 12 కవర్ల మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాం. రేపు కొరియర్ చేస్తున్నా. ఒక్కో గొలుసు నుంచి సగం గింజలే పంపుతున్నాం, మిగతా సగం అమ్మ డబ్బాలో బూడిద కలిపి దాచింది.

పైరుపచ్చ | జనవరి 10, రాత్రి 8:10

ముల్లు సంగతి నాకు తెలియదు తమ్ముడూ! కుండీల్లో ఈనగానే మొదట అదే చూస్తాను. ఎర్ర గుర్తు కవర్లు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపు.